కుప్పాంబిక – పకోడీలు

ఆదివారం సాయంత్రం మావారి చరిత్ర గోష్ఠి అంటే నాకు పన్నెండు కప్పుల టీ, రెండు వాయిల పకోడీలు. పాలమూరులో మా వరండాలో ఓ రిటైర్డు తెలుగు మాస్టారు, ఓ ప్లీడరుగారు, ఇద్దరు లెక్చరర్లు చేరి కాకతీయుల కాలంలోకి వెళ్ళిపోతారు. భోజనాల వేళకి గాని తిరిగి రారు.

మొన్న కుప్పాంబిక మాట వచ్చింది. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి కూతురు. తొలి తెలుగు కవయిత్రి అని చెప్పుకునే మనిషి.

"కావ్యం ఒక్కటైనా దొరికిందా? ఆధారం లేనిదే ఎలా ఒప్పుకుంటాం?" అన్నారు ప్లీడరుగారు.

ప్లేటు అందిస్తూ ఉండబట్టలేకపోయాను. "అన్నయ్యగారూ, తండ్రి కావ్యాన్ని ఏడువందల ఏళ్ళు దాచుకున్నాం. కూతురిది దాచలేదంటే, రాయలేదనేనా అర్థం?"

అందరూ నావంక చూశారు. నవలలు రాసుకునే ఆవిడకి శాసనాలెందుకన్నట్టు!

భర్త మాల్యాల గుండ దండనాథుడు పోయాక, ఆయన పేర గుండేశ్వరాలయం కట్టించి, 1276లో శాసనం వేయించింది కుప్పాంబిక. ఆ బూదపురమే మా పక్కనున్న భూత్పూరు. ఊరికి తండ్రి పేరంటారు, గుడికి భర్త పేరు. తన పేరు మిగిలింది మాత్రం తాను చెక్కించిన రాతివల్లనే. మనం ఎవరం ఆమె పేరు చెక్కించాం కనుక?

కాసేపటికి మాస్టారు, "వచ్చేవారం నుంచి నువ్వూ కూర్చోమ్మా" అన్నారు.

"కూర్చుంటాను. మరి టీ?"

మావారు మెల్లగా లేచి వంటింట్లోకి నడిచారు. పంచదార డబ్బా ఎక్కడుందని మాత్రం మూడుసార్లు అడిగారు.