మూడో పనికి చోటు లేదు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక పాత్రకి రెండే ప్రధాన వృత్తులు. వంట, చేపలు పట్టడం, ప్రథమ చికిత్స లాంటివి ఎవరైనా నేర్చుకోవచ్చు, అవి లెక్కలోకి రావు. కమ్మరం, తోలుపని, దర్జీపని, రసవాదం, ఇంజనీరింగ్, ఎన్‌చాంటింగ్, గనులు తవ్వడం, మూలికలు ఏరడం, చర్మాలు ఒలవడం: పాత ఆటలో ఉన్న ఈ తొమ్మిదిలో మాత్రం రెండే ఎంచుకోవాలి. మూడోది కావాలంటే ఉన్నవాటిలో ఒకటి వదిలెయ్యాలి. వదిలేసే ముందు ఆట ఒక చిన్న పెట్టె చూపించి, నిజంగానేనా అని అడుగుతుంది. అవునంటే అంతే. 300 పాయింట్ల నైపుణ్యం పోతుంది, నేర్చుకున్న రెసిపీలన్నీ పోతాయి. మనసు మార్చుకుని తిరిగొచ్చినా మళ్ళీ ఒకటి నుంచే మొదలు.

బయట ఇంత కచ్చితంగా ఉండదు. నేను మెకానికల్ చదివి అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. నన్నెవరూ ఏ పెట్టె చూపించి అడగలేదు. థర్మోడైనమిక్స్ ఏ రోజు పోయిందో నాకు తెలీదు.

2019 ఆగస్టులో బ్లిజార్డ్ వాళ్ళు ఆ ఆటని 2006 నాటి రూపంలో ‘క్లాసిక్’ పేరుతో మళ్ళీ తెరిచారు. డల్లాస్‌లో ఉండే మా బావ నన్ను వాళ్ళ గిల్డ్‌లోకి లాగాడు. వాళ్ళకి రాత్రి ఎనిమిదంటే వేసవిలో నాకు పొద్దున ఆరున్నర. లాక్‌డౌన్‌లో తెనాలి వచ్చేశాక, లాగిన్ అయ్యే ఆఫీసుకన్నా ముందు లాగిన్ అయ్యే ఆఫీసు అది. నాది మేజ్. చేతిలో టైలరింగ్, ఎన్‌చాంటింగ్, రెండూ 300.

2020 జులైలో మా రెయిడ్ లీడర్ ఒక జాబితా పెట్టాడు. అహ్న్‌కిరాజ్ గుడి తలుపులు తెరుచుకోబోతున్నాయి. లోపలంతా గుంపులుగా వచ్చే పురుగులు. వాటి మధ్యకెళ్ళి పేల్చుకునే గాబ్లిన్ సాపర్ ఛార్జ్ కావాలి. అది వాడాలంటే ఇంజనీరింగ్ వచ్చి ఉండాలి, ఇంకొకరు చేసిచ్చినా రానివాడు వాడలేడు. ఇంజనీరింగ్ లేనివాళ్ళు రెండు వారాల్లో మారండి, మారకపోతే మారినవాళ్ళకే ముందు చోటు అన్నాడు. కోపంగా ఏం అనలేదు. 40 మందిని నడిపేవాడు అలాగే లెక్క చూసుకుంటాడు.

మరి ఏది వదలాలి? లెక్క ప్రకారం ఇందులో ఆలోచించాల్సిందే లేదు. ఆ ఏప్రిల్‌లోనే జుల్‌గురుబ్ వచ్చింది, దాంతో బ్లడ్‌వైన్ బట్టలు వచ్చాయి. ఆ మూడు బట్టలూ ఎవరైనా కొనుక్కుని వేసుకోవచ్చు, కానీ మూడూ కలిపి వేసుకున్నందుకు వచ్చే రెండు శాతం స్పెల్ క్రిట్ మాత్రం టైలరింగ్ 300 ఉన్నవాడికే. అంటే టైలరింగ్ నా ఒంటిమీద పనిచేస్తూ ఉంది. ఎన్‌చాంటింగ్ అలా కాదు. నా కర్రకి వేసుకున్న మంత్రం, వృత్తి వదిలేసినా కర్ర మీదే ఉంటుంది. గిల్డ్‌లో ఇంకో ఇద్దరు ఎన్‌చాంటర్లు ఉన్నారు. “కళ్ళు మూసుకుని ఎన్‌చాంటింగ్ పీకెయ్ బావా” అన్నాడు మా బావ. రెయిడ్ లీడరూ అదే అన్నాడు, ఇంకొంచెం మర్యాదగా.

వాళ్ళ లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ వృత్తి వల్ల నాకు ఏం వస్తోందని మాత్రమే వాళ్ళు చూశారు. ఎన్‌చాంటింగ్‌లో ఉన్న విషయం వేరు.

ఆ రూపంలోని ఆటలో కత్తి చేస్తే వేలం ఇంట్లో పెట్టి పడుకోవచ్చు. చొక్కా కుడితే కూడా అంతే, కొన్నవాడి మొహం చూడక్కర్లేదు. ఎన్‌చాంటింగ్‌కి ఆ వీల్లేదు. మంత్రం వస్తువు కాదు, దాన్ని ఎక్కడా పెట్టి అమ్మలేం. ఐరన్‌ఫోర్జ్‌లో బ్యాంకు ముందు నిలబడి, ఫలానా మంత్రాలు వేస్తాను అని కేకెయ్యాలి. ఎవరో వస్తారు. ముందు సరుకు మన చేతికిస్తారు. క్రూసేడర్ మంత్రమైతే రెండు రైటియస్ ఆర్బ్‌లు, నాలుగు లార్జ్ బ్రిలియంట్ షార్డ్‌లు. అవి స్ట్రాథోమ్‌లో తిరిగి తిరిగి తెచ్చుకున్నవో, డబ్బు పెట్టి కొన్నవో అయ్యుంటాయి. అవి తీసుకుని మనం మాయమైపోతే వాళ్ళు చెయ్యగలిగింది పెద్దగా లేదు. అయినా ఇస్తారు. తర్వాత మళ్ళీ ట్రేడ్ కిటికీ తెరిచి, కింద విడిగా ఉండే గడిలో తమ కత్తి పెడతారు. ఆ గడిలో పెట్టింది చేతులు మారదు. కత్తి వాళ్ళదే, పని మాత్రం మనది. అయ్యాక తోచినంత టిప్ ఇస్తారు.

ఆ పద్ధతికి మా ఇంట్లో ఒక పేరుంది: కుట్టుకూలి. మా అమ్మ పాతికేళ్ళుగా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతోంది. గుడ్డ వాళ్ళది, లైనింగ్ వాళ్ళది, కొలతకి ఆది జాకెట్టు కూడా వాళ్ళదే. అమ్మది కత్తెర, మిషను, చెయ్యి. నాలుగు వేల చీరలోంచి కత్తిరించిన గుడ్డని, రసీదు లేకుండా, ఒక కవర్లో పెట్టి ఇచ్చి వెళ్ళిపోతారు.

విచిత్రంగా అదే నెలలో అమ్మ కూడా మారాలా వద్దా అని కొట్టుకుంటోంది. నాది ఆట, ఆవిడది ఇల్లు గడిచే సంగతి కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టడానికి నాకు మొహమాటమే. వేసవి ముహూర్తాలన్నీ లాక్‌డౌన్‌లో కొట్టుకుపోయాయి. మాస్కులు కుట్టి నెట్టుకొచ్చింది. అసలు అంతకుముందే గిరాకీ మగ్గం వర్కు వైపు వెళ్ళిపోయింది. మామూలు జాకెట్టు కూలికి అదెన్నో రెట్లు. మిషను పక్కన పెట్టి మగ్గం నేర్చుకుంటే ఎలా ఉంటుందిరా అని ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది. నేను యూట్యూబ్‌లో క్లాసులున్నాయన్నాను. ఆవిడకి కావాల్సిన జవాబు అది కాదు.

“చూపు సంగతి సరే, అదెలాగో తంటాలు పడొచ్చు. ఆది జాకెట్లు ఏం చెయ్యమంటావు?” అంది.

బీరువా కింది అరలో ఇరవై పైచిలుకు ఆది జాకెట్లున్నాయి. ప్రతిసారీ తీసుకెళ్ళి తేవడమెందుకని వాళ్ళు అమ్మ దగ్గరే వదిలేసినవి. ఎవరికి భుజం ఒకవైపు జారుతుందో, ఎవరు ఆపరేషన్ తర్వాత చంక దగ్గర వదులు అడిగారో ఆవిడకి తెలుసు. మగ్గం నేర్చుకోవచ్చు. ఆ తెలిసినదంతా మగ్గం మీదికి వెళ్ళదు.

నా సంగతి ఆలోచిస్తే, నైపుణ్యం పోతుందన్న బాధ నాకంత లేదు. ఎన్‌చాంటింగ్ పెంచడం అంత విసుగుపని ఇంకోటుండదు. రెసిపీ నారింజ రంగులో ఉన్నంతసేపే పాయింటు ఖాయం. పసుపు, ఆకుపచ్చల్లోకి దిగితే అదృష్టం, బూడిద రంగుకొచ్చాక శూన్యం. ఆఖరి మెట్టు నేర్పే గురువు అన్నోరా ఉల్డమాన్ అనే చెరసాల లోపలెక్కడో ఉంటుంది, ఆవిడ దాకా వెళ్ళడానికి నలుగుర్ని బతిమాలాలి. క్రూసేడర్ ఫార్ములా కోసం హార్త్‌గ్లెన్‌లో స్కార్లెట్ ఆర్క్‌మేజ్‌లని మూడు వారాంతాలు చంపాను. అవన్నీ అయిపోయిన ఖర్చు. అయిపోయిన ఖర్చు కోసం పని పట్టుకుని వేలాడకూడదని ఎకనామిక్స్ తెలిసినవాళ్ళు చెప్తారు, ఒప్పుకుంటాను.

నాకు లెక్క తేలనిది ఇంకోటి. సాపర్ ఛార్జ్ చేసినా నేనే వాడుకోవాలి. ఇంజనీరింగ్‌లో మంచి పరికరాలు చాలావరకు ఇంజనీరుకే పనికొస్తాయి. ఇక టైలరింగ్, ఎన్‌చాంటింగ్ వదిలి టైలరింగ్, ఇంజనీరింగ్ పెట్టుకుంటే నా దగ్గర ఉన్న రెండు పనులూ నాకోసమే. తలుపు తట్టేవాడు ఉండడు. వృత్తులు రెండే అన్న నియమం వల్ల ఆ ఆటలో జరిగేది ఏంటంటే, ఎవడికీ అన్నీ రావు, అందుకని అడగాలి. అడిగించుకునే వైపు ఉన్న నా ఒక్క పనినీ తీసెయ్యమంటున్నారు.

టైలరింగ్ వదిలేశాను. బ్లడ్‌వైన్ బట్టలు ఒంటిమీదే ఉన్నాయి, రెండు శాతం పోయింది. నాలుగు రోజులకోసారి చంద్రబావి దగ్గర మూన్‌క్లాత్ నేసుకోవడమూ పోయింది. ఇంజనీరింగ్ ఒకటి నుంచి మొదలుపెట్టి వారంలో సాపర్ దాకా లాక్కొచ్చాను. డ్యామేజ్ పట్టికలో తోటి మేజ్‌ల కన్నా రెండు మూడు మెట్లు కిందకి దిగాను. ఆ ఏడాదంతా అక్కడే ఉన్నాను. “ఎవరికోసంరా ఇదంతా?” అని బావ చాలా రోజులు అడిగాడు.

తర్వాత ఆటే మారింది. 2022 సెప్టెంబరులో క్లాసిక్‌లోకి లిచ్ కింగ్ విస్తరణ వచ్చింది. మంత్రాన్ని వెల్లం అనే తోలుకాగితం మీద వేసి వేలం ఇంట్లో పెట్టే వీలు దాంతోనే వచ్చింది. ఇక కేకెయ్యక్కర్లేదు, నిలబడక్కర్లేదు. ముందుకన్నా ఎక్కువ బంగారం వస్తోంది. ఎవరు కొంటున్నారో తెలీదు. నేను పట్టుకుని కూర్చున్న పని, పేరు మార్చుకోకుండానే ఇంకో పని అయిపోయింది. వదలకుండా ఉంటే చాలు ఉండిపోతుందని అనుకోవడానికి కూడా లేదన్నమాట.

అమ్మ మగ్గం నేర్చుకోలేదు. రెండు వీధుల అవతల మగ్గం పెట్టిన ఒకావిడతో మాట్లాడుకుంది. వర్కు అక్కడ చేయిస్తుంది, కుట్టుడు ఇక్కడ. కూలి ఎవరిది వాళ్ళకి. ఆది జాకెట్లు ఇప్పుడు రెండో అరలోకి కూడా వచ్చాయి.