నావలో ఇల్లాలు

సంసారమును నావతో పోల్చుట మన పెద్దలకు పరిపాటి. ఆ పోలికలో భర్త చుక్కాని పట్టువాడు, భార్య నావలో కూర్చున్నది. ఈ మాట నిజమైన నావలో ఎంతవరకు నిలుచునో చూచు అవకాశము నాకు నిరుడు వేసవిలో కలిగినది. అందు నేర్చిన దానిని సోదరీమణులకు విన్నవింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము అమెరికా దేశపు వాయవ్య తీరమున, సియాటిల్ నగరమునకు చేరువ, వాషింగ్టన్ సరస్సు దగ్గర కాపురమున్నాము. ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున వేలకొలది కలవు. మావారు కొంత సొమ్ము కూడబెట్టి ముప్పది అడుగుల పాత మరపడవ నొకదానిని కొనిరి. అందు రెండు పడకలు, ఒక చిన్న పొయ్యి, ఒక మంచినీళ్ళ తొట్టి కలవు. ఆదివారములందు సరస్సులో అటునిటు తిరిగి వచ్చుచుంటిమి. ఫలహారములు సర్దుట, రేవున మోకు విసరుట, భయము పైకి కనబడకుండ కూర్చుండుట, ఇవి నా పనులు.

జూలై నెలలో, మన కోనసీమలో నారుమళ్ళు పచ్చబడు దినములలో, అచ్చట మంచి వేసవి. రాత్రి 9 గంటలకుగాని ప్రొద్దు క్రుంకదు. అప్పుడు పడవలుగల దంపతులు కొందరు కూడి సముద్రములోని దీవులకు గుంపుగా పోయి వారము దినములు గడపి వత్తురు. మమ్మును గూడ రమ్మని పొరుగు పడవలవారు పిలిచిరి. మాతో కలిసి ఎనిమిది పడవలు.

సరస్సునుండి సముద్రమునకు పోవు దారిలో బాలర్డ్ లాకు దాటవలెను. సరస్సు నీటిమట్టము సముద్రముకంటె రమారమి 20 అడుగులు ఎత్తు. 1917లో ప్రారంభోత్సవము జరిగిన ఆ లాకులలో పెద్దది 825 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు గలది. మా వెనుక తలుపులు మూసికొన్నవి, నీరు మెల్లగా దిగినది, పడవ తడిగోడల నడుమకు దిగిపోయినది. తక్కినవారు నన్ను చూచి జంకుదునని తలచిరి. నాకు మాత్రము పుట్టింటికి పోయినట్లుండెను. ధవళేశ్వరమునకు చేరువ పల్లెలో పుట్టినదానను, లాకు నాకు క్రొత్తయా? 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన గోదావరి కాలువలపై ధాన్యపు పడవలు ఇట్లే లాకులు దాటి కాకినాడకు పోయెడివి. గట్టుమీద మనుష్యులు త్రాడు లాగుచుండగా పడవలు కదలెడివని మా అమ్మమ్మ చెప్పెడిది.

గుంపు ప్రయాణమునకు మొదటి నియమము, అన్నిటికంటె మెల్లగా పోవు పడవ వేగమే అందరి వేగము. ఆ పడవ మాదియే! గంటకు 8 మైళ్ళు మించదు. అందులకు ఒక్కరును విసుగుకొనలేదు. ముందు పడవనుండి దారిలోని దుంగలనుగూర్చి రేడియోలో హెచ్చరిక వచ్చును, వెనుక పడవ ఎవరును వెనుకబడకుండ చూచుకొనును. సాయంకాలము ఒక చోట చేరి, మరునాటి గాలియు, ఆటుపోటుల వేళలును చదివి బయలుదేరు గడియ నిర్ణయింతురు. పిమ్మట ఎవరి వంటకము వారు తెచ్చి అందరును కలిసి తినుట. నేను చేసిన చింతపండు పులిహోర మూడవ దినమున గూడ చెడకుండుట చూచి వారాశ్చర్యపడిరి.

మొదటి రాత్రి విడ్బీ దీవిలోని ఓక్ హార్బరు రేవున విడిసితిమి. ఆ గుంపులో డెబ్బది యేండ్లు దాటిన వృద్ధురాలొకతె కలదు. భర్త గతించిన పిమ్మట ఆమెయే తన పడవ నడుపుకొనుచున్నది. భోజనానంతరము ఆమె నా ప్రక్కన కూర్చుండి, “నీ భర్త నీటిలో పడినయెడల నీవేమి చేయుదువు?” అని అడిగెను. నేను మావారి వంక చూచితిని. ఆమె నవ్వి, “ఆయనను చూచిన లాభము లేదు. ఆయన నీటిలో నున్నాడు గదా!” అనెను.

ఆ ప్రశ్న పరిహాసమునకు గాదు. ఆ సముద్రపు నీరు నడివేసవిలో గూడ చాలచోట్ల మిక్కిలి చల్లన. పడినవానికి మొదట ఊపిరి ఎగబీల్చును, కొలది నిముషములలో చేతులు పట్టు తప్పును, ఈతగాడయినను ఎక్కువసేపు ఈదజాలడు. పడవలో మిగిలినవారు దానిని త్రిప్పి, మరను ఆపి, త్రాడు అందీయలేనిచో ఆ మనిషి దక్కుట కష్టము. ఆ రాష్ట్రమున 15 గుఱ్ఱపుబలమునకు తగ్గని మరపడవ నడుపుటకు చదువు పత్రము కావలెను. 1955కు ముందు పుట్టినవారికి మాత్రము మినహాయింపు కలదు. ఆ పరీక్ష నేనును వ్రాసి పత్రము పొందియుంటిని. కాని పుస్తకపు చదువు వేరు, చుక్కాని చదువు వేరు.

మరునాటినుండి ఆ వృద్ధురాలే నాకు గురువయ్యెను. మావారు నేర్పబోయినపుడెల్ల నాలుగవ మాటకు వారికి తొందర, అయిదవ మాటకు నాకు కోపము వచ్చెడివి. ఆమె దగ్గర అది లేదు. ఖాళీ పాలడబ్బాను నీటిలో విసరి, “అదే నీ భర్త, పోయి తీసికొని రమ్ము” అనెడిది. మొదటి దినమున ఆ భర్తను మూడుసార్లు దాటి పోయితిని. రెండవ దినము సాయంకాలమునకు డబ్బా ప్రక్కన పడవ నిలుపగలిగితిని. రేడియోలో 16వ సంఖ్యపై ఆపదవేళ ఏమని పిలువవలెనో, లంగరు త్రాడు నీటి లోతునకు ఎన్ని రెట్లు వదలవలెనో ఆమెయే చెప్పెను.

మేము చేరిన దీవి పేరు సూషియా. దానికి వంతెన లేదు, పడవలోనే పోవలెను. ఆ దీవిని కొందరు సొంతము చేసికొందురేమోయను భయము కలిగినపుడు, 1960లో ఆ ప్రాంతపు పడవ సంఘములవారందరును చందాలు వేసికొని 25,000 డాలర్లకు కొని, సర్వజనుల ఉపయోగమునకై రాష్ట్రమునకు దానమిచ్చిరి. ఇప్పుడది ఉద్యానవనము, ఎవరైనను దిగవచ్చును. గుంపుగా తిరుగుట వినోదమే గాక ఇట్టి పుణ్యమును చేయగలదని తెలిసి నాకు వారియెడల గౌరవము హెచ్చినది.

అచ్చటనుండి ఒకనాడు ఆర్కాలను చూచితిమి. నలుపుతెలుపుల మేనుగల తిమింగిల జాతివి. 2025 జనవరినుండి ఆ తీరమున స్థిరముగా మెలగు ఆర్కాలకు పడవలు 1,000 గజముల దూరమున నుండవలెనని శాసనము గనుక మరలు తగ్గించి దూరమునుండి దుర్భిణితో చూచితిమి. వానిలో కొడుకులును కూతుళ్ళును బ్రతికినంత కాలము తల్లిని విడువరు. ఈనుట మానిన వృద్ధమాతలే ముందు నడచుననియు, చేపలు కరవైన సంవత్సరములలో అట్లు నడచుట మరింత హెచ్చుననియు 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నేను మా గురువు వంక చూచితిని. ఆమె ఏమియు ననలేదు, దుర్భిణి దింపలేదు.

తిరుగుదారిలో డిసెప్షన్ అను ఇరుకు జలమార్గము కలదు. విడ్బీ ద్వీపకల్పమని భ్రమపడి, దీవియని పిమ్మట తెలిసికొన్న వాంకోవర్ అను నావికుడు 1792లో దానికి ‘మోసము’ అను అర్థముగల ఆ పేరు పెట్టెను. పోటు పాటులవేళ అందు నీరు గంటకు 9 మైళ్ళ వేగముతో పరుగెత్తును, అనగా మా పడవకంటె వేగముగా. నీరు నిలుకడపడు కొలది నిముషములలోనే మావంటివారు దాటవలెను. ఆ ఉదయము లంగరు లాగుచుండగా మావారి కుడిమణికట్టు బెణికి వాచినది, చక్రము పట్టజాలరైరి. వారు నా వంక చూచి, “చుక్కాని నీదే” అనిరి.

గుంపంతయు నీటి నిలుకడకై వేచియుండెను. గురువు తన పడవను నా ముందు నిలిపి రేడియోలో, “గట్టులను చూడకుము, నా వెనుక నీటిజాడను మాత్రము చూడుము” అని చెప్పెను. ఎత్తయిన వంతెన క్రిందికి పోవునపుడు సుడి యొకటి పడవ ముక్కును ప్రక్కకు లాగినది. మావారు నోరు తెరచి, మరల మూసికొనిరి. ఆ మౌనమునకు నేను నేటికిని కృతజ్ఞురాలను. నేను ముక్కును దారికి త్రిప్పితిని. నాలుగు నిముషములలో ఆవలి విశాలజలములలో నుంటిమి. ఆ రాత్రి మావారు ఎడమచేతితో ఉప్మా చేసిరి. ఉప్పెక్కువైనది, అయినను అందరును తినిరి.

సోదరీమణులారా! అందరును పడవలు కొనుడని నేను చెప్పుట లేదు. కాని మనలో ననేకులు పాపికొండలకు లాంచీలో పోవుచుందురు. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగి పలుకుటుంబములు దుఃఖములో మునిగిన సంగతి మరువరాదు. పడవ నెక్కినతోడనే లైఫ్ జాకెట్టు అడిగి, ముందు పిల్లలకు, తరువాత మీకు, కట్టుతాళ్ళు బిగించి తొడుగుడు. చీర నలుగునని సంకోచింపకుడు, సరంగు నవ్విన నవ్వనిండు.

ఇంటిలో గూడ ఒక్కరికే తెలిసిన పని ఏదియో చూచుకొనుడు. బ్యాంకి కాగితములు కావచ్చును, వృద్ధుల మందుల వేళలు కావచ్చును, అన్నము వార్చుట కావచ్చును. ఈ వారముననే ఒక్కటి మీరు నేర్చుకొనుడు, ఒక్కటి వారికి నేర్పుడు. వారి దగ్గర నేర్చుకొనుట కష్టమైనచో, తెలిసిన పెద్దముత్తైదువనో, పొరుగింటి అవ్వనో అడుగుడు. కావలసినది ఒక పాలడబ్బాయు, కొంచెము ఓపికయు మాత్రమే.