మావ బండికి మేం కట్టిన తప్పు లెక్క



మా హాస్టల్ రూములో నలుగురం మెకానికల్. మాలో ఒకడికి మేనమావ అంటే మిగతా ముగ్గురికీ మావే. ఆయనకి ఓ పాత టర్బో డీజిల్ బండుంది. రోజూ పొద్దున్నే పాడేరు నుంచి చోడవరం దిగి, సాయంత్రం మనుషుల్ని, సామాన్లని వేసుకుని ఘాట్ ఎక్కుతాడు. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఊళ్ళో ఉన్నది ఆ బండొక్కటే.

దసరా ముందు ఫోన్ చేశాడు. "అల్లుళ్ళూ, షెడ్డులో క్రౌన్ పినియన్ మార్చమంటన్నారు. ఇప్పుడున్నది 4.1 అంట. 3.7 ఏస్తే మైలేజీ వస్తాదంట. సదువుతున్నారు కదా, మీరే సెప్పండి."

మాకు గర్వంగా అనిపించింది. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. వెంటనే లెక్క కట్టాం. టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2 మీటర్లు. ఐదో గేరు 0.8. గంటకి 80 కిలోమీటర్ల మీద ఇంజిన్ ఇప్పుడు దాదాపు 2,190 చుట్లు తిరుగుతోంది, 3.7 వేస్తే 1,970కి దిగుతుంది. చుట్లు తగ్గితే డీజిల్ తగ్గుద్ది. "ఏయించెయ్ మావా" అన్నాం. ఆయన అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు.

దసరా సెలవులకి అదే బండిలో ఊరెళ్ళాం. బండి నిండా జనం. ఘాట్ మలుపు దగ్గర మావ రెండో గేరు వేయగానే బండి నీరసపడిపోయింది. మళ్ళీ ఒకటో గేరు. అప్పుడు తెలిసింది, మా లెక్కలో టర్బోయే లేదని.

టర్బో తిరిగేది ఇంజిన్ వదిలే పొగతోనే. చుట్లు తక్కువైతే పొగ తక్కువ, గాలి తోపు తక్కువ. మావ బండిలో 1,700 దాటితేగాని అది అందుకోదు. రెండో గేరు 1.95. ఆ గేరులో 1,700 రావాలంటే 4.1తో వేగం 25 దాటాలి. 3.7తో అయితే 28 దాటాలి. మలుపులో బరువుతో ఆ మూడు కిలోమీటర్లు తేవడమే కష్టం. పైగా 3.7 వేస్తే అన్ని గేర్లలోనూ చక్రం దగ్గర లాగుడు పదో వంతు పోతుంది. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదిలినప్పుడల్లా క్లచ్ అరిగిపోతుంది.

ఇంకో సంగతి. ఒకటో గేరు 3.6. అందులో 3,000 దగ్గర గేరు మారిస్తే రెండో గేరులో 1,625కి పడిపోతుంది, టర్బో చచ్చిపోతుంది. 3,300 దాకా లాగి మారిస్తే 1,790 దగ్గర పడుతుంది, టర్బో నిలబడుతుంది. క్రౌన్ పినియన్ ఏది వేసినా ఈ పడిపోవడం మారదు. ఎందుకంటే అది రెండు గేర్ల మధ్య ఎడం, గేరుబాక్సులోనే ఉంటుంది.

ఇంటికెళ్ళాక చెప్పాం, "మావా, తప్పు చెప్పాం. 4.1 ఉంచెయ్" అని. అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. ఆయన తిట్టలేదు. "ముందు బండెక్కి, తరవాత లెక్క కట్టాల్సింది గదరా" అన్నాడు, అంతే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన ఊళ్ళో బండి ఉన్నవాళ్ళు అడిగితే మైలేజీ ఎంత అన్నదానితో మొదలెట్టకండి. రోజూ ఏ దారిలో, ఎంత బరువుతో, ఏ మలుపులో ఏ గేరు వేస్తున్నారో ముందు అడగండి. రోజంతా మైదానంలో తిరిగే బండికి 3.7 మంచిదే కావచ్చు. మావ బండి రోజూ ఘాట్ ఎక్కాలి.

జై ఆదివాసీ.