సార్... ఒక్క నిమిషం!

మా నాన్నకి బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలంటే టెన్షన్. అటునుంచి రికార్డెడ్ వాయిస్ 'తెలుగు కోసం రెండు నొక్కండి' అనగానే, కుర్చీలోంచి లేచి, "సార్... ఒక్క నిమిషం సార్, అద్దాలు పెట్టుకుంటున్న" అంటాడు. మెషీన్ ఆగదు కదా!

పోయినేడు ఒక ఓపెన్ మైక్‌లో నేను చేసిన ఐదు నిమిషాల కామెడీ ఇదే. పగలంతా కోడింగ్. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీ నగర్‌లో దిగేదాకా ఫోన్‌లో జోకులు రాసుకోవడం. ఏడాదిగా ఇదే పని. ఆ రోజు మాత్రం జనం పగలబడి నవ్వారు. ఎవరు పెట్టారో గానీ, వీడియో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది.

రాత్రి అన్నం తింటూ నాన్న మెల్లగా అడిగాడు. "ఆడున్నోళ్లంతా నా మీదనే నవ్విండ్రా, బిడ్డా?"

తిట్టినా బాగుండేది.

నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్‌లో గుమస్తా. దిల్‌సుఖ్‌నగర్‌లో నా జావా కోచింగ్ ఫీజు ఆ జీతంతోనే కట్టాడు. మార్కెట్ బాటసింగారం పోయాక, ఇప్పుడు రోజూ బస్సెక్కి అక్కడికే వెళ్తున్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక జానీ లీవర్ వీడియోలు చూశా. చిన్నప్పట్నుంచీ నాకు ఆయనంటే పిచ్చి. మన తెలుగోడే. 1957లో కనిగిరిలో పుట్టిన జాన్ ప్రకాశరావు. ముంబైలో పెరిగాడు. ఇంట్లో డబ్బుల్లేక ఏడో తరగతితో బడి మానేసి, సినిమా స్టార్లలా మాట్లాడుతూ, డాన్సులేస్తూ రోడ్డు మీద పెన్నులు అమ్మాడు. తర్వాత వాళ్ల నాన్న పనిచేసే హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే చేరాడు. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పెద్దాఫీసర్లని ఇమిటేట్ చేస్తే, తోటి కార్మికులు 'జానీ లీవర్' అని పేరు పెట్టేశారు. స్టేజ్ షోలతో సంపాదన కుదిరాకే, 1981లో ఉద్యోగం వదిలాడు. ఆ తర్వాత సినిమాలు, రెండు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు.

ఈ కథ నాకు ముందే తెలుసు. ఉద్యోగం ఎప్పుడు మానాలా అని లెక్కలేసుకోడానికే ఇన్నాళ్లూ చదివా. ఆ రాత్రి మాత్రం వేరే విషయం తట్టింది. ఆయన కార్మికుడిగా ఉండి ఆఫీసర్లని ఇమిటేట్ చేశాడు. నేను ఏసీలో కూర్చుని, నా ఫీజు కట్టిన గుమస్తాని ఇమిటేట్ చేశా. పైగా ఆయన్ని తిప్పలు పెట్టే అలాంటి మెషీన్లకి కోడ్ రాసేది మా టీమే!

జోకు మొత్తం మార్చి రాశా. ఈసారి వెర్రివాడు నాన్న కాదు, కోడ్ రాసే నేను. 'మీకు కోపమొస్తే తొమ్మిది నొక్కండి' అంటుంది మెషీన్. నొక్కితే మళ్లీ మొదటికే తీసుకెళ్తుంది.

నెల తర్వాత అదే స్టేజ్. నాన్నని ముందు వరసలో కూర్చోబెట్టా. నిజం చెప్పాలంటే మొదటిసారంత నవ్వు రాలేదు. ఒకట్రెండు చోట్ల అసలు రాలేదు.

తిరిగొస్తుంటే మెట్రోలో నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక అన్నాడు. "ఆ తొమ్మిది నొక్కే ముచ్చట మంచిగుంది. గవన్నీ నిజంగా మీరే రాస్తరా?"

"అవును నాన్నా."

"మరి ఇన్నొద్దులు బ్యాంకుకెందుకు చేయనిచ్చినవ్‌రా? నీకే చేస్తుంటి గదా!"

పక్క సీట్లో ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు నిజంగా పేలిన జోకు అదొక్కటే.