ఐదూ నలభై బస్సు

గుంటూరులో పిల్లల డాక్టరుగా నాకిది ఇరవై ఆరో ఏడు. "ఏమీ తినదండీ, ఆకలి మందు రాయండి" అన్న మాట వినకుండా గడిచిన రోజు ఒక్కటీ లేదు. ఆ తల్లి కూడా ఆ మాటతోనే లోపలికి వచ్చింది. చంకలో రెండేళ్ల మూడు నెలల పాప. వెనకాల నానమ్మ, ఆమె చేతి సంచిలోంచి తొంగిచూస్తూ పాలసీసా.

పాప కింది రెప్పను కొద్దిగా లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన లోపలి పొర వెలిసిన గుడ్డలా ఉంది. చిన్న అరచేతిని విప్పి నా అరచేతి పక్కన పెట్టుకున్నాను. గీతల్లో కూడా రంగు లేదు. స్టెతస్కోపు పెడితే గుండె పరుగెడుతోంది, దానితో పాటు రక్తం పలచబడినప్పుడు వినపడే సన్నని హోరు.

"మట్టి గానీ తింటుందా అమ్మా?"

తల్లి తల దించుకుంది. నానమ్మే చెప్పింది. "మట్టి కాదమ్మా, బలపాలు. వాళ్లన్నకి డబ్బా తెస్తే వారం ఆగట్లా. వాడు పలక పట్టుకుని ఏడుస్తాడు, ఇది నములుతా కూచుంటది."

హిమోగ్లోబిన్ 5.4 వచ్చింది. ఆ వయసులో కనీసం 11 ఉండాలి. రక్తంలో ఇనుము తగ్గిన పిల్లలు కొందరు మట్టి, సుద్ద, బలపం, గోడ సున్నం వెతుక్కుంటారు. ఎందుకలా వెతుక్కుంటారో పూర్తిగా తెలియకపోయినా, ఇనుము అందాక చాలామందిలో ఆ అలవాటు దానంతట అదే పోతుంది. బలపం తిన్నందుకు పిల్లను కొట్టొద్దని నేను మొదట చెప్పే మాట అందుకే.

రోజంతా ఏం పెడతారో ఒక్కొక్కటే అడిగాను. పొద్దున చాక్లెట్ రుచి సీరియల్, పాలల్లో వేసి. పదింటికి పాలు, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం నాలుగు మెతుకులు, వెంటనే పాలు. సాయంత్రం పాలు, పడుకోబోయే ముందు మళ్లీ సీసా. కూడితే లీటరు దగ్గరికి వచ్చింది. "పోనీ ఆ సీరియల్ అన్నా తింటుందా?" అంటే నానమ్మ చెయ్యి ఊపింది. "రంగు దిగిన పాలు తాగేసి, ఆ రేకులు గిన్నెలోనే వదిలేస్తది."

ఆ పెట్టె మీద ఇనుము కలిపామని రాసి ఉంది. అది అబద్ధమేం కాదు. కానీ ఇనుము రేకుల్లో ఉంది, పాప కడుపులోకి పోయింది తీపి పాలు. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు. పైగా పాలలోని కాల్షియం మిగతా తిండిలో ఉన్న కాస్త ఇనుమునూ సరిగా ఒంటబట్టనివ్వదు. లీటరు పాలతో నిండిన ఆ చిన్న పొట్టలో ముద్దకు చోటెక్కడ? పాపకు ఆకలి ఉంది. దాన్ని మేమందరం పాలతో మూసేశాం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. వాళ్లంతా తిండికి లేని ఇళ్ల పిల్లలే అనుకుంటే పొరపాటు. నా దగ్గరికి కార్లలో వచ్చే పిల్లల్లోనూ అవే తెల్లని అరచేతులు చూస్తున్నాను.

ఇనుము చుక్కలు రాశాను. సీసా మానిపించి, పాలు రోజుకు రెండు గ్లాసులకు తగ్గించమన్నాను. పొద్దున్నే రాగి జావ, ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం ఆకుకూర పప్పు. చీటీ నిండా రాసి, అర్థమైందా అని రెండుసార్లు అడిగి పంపాను.

ఆరు వారాలకు వచ్చారు. 5.9.

చుక్కలు పాలసీసాలో కలిపి పట్టారు. జావ రెండు రోజులు కాచి మానేశారు. సీసా అలాగే ఉంది. ఆ రోజు నేను గొంతు పెంచాను. ఆ తల్లి ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. చాలా మామూలుగా అంది: "మేడం, స్పిన్నింగ్ మిల్లులో మొదటి షిఫ్టండి నాది. ఐదూ నలభైకి బస్సు. ఆయన లారీ మీద పోతే పది రోజులకు గానీ రారు. మా అత్తకి కళ్లు సరిగా ఆనవు, పొయ్యి దగ్గరికి పోనివ్వను. ఆ పెట్టె అయితే ఆమె చించి పాలు పోయగలదు. మీరు రాసినవి నేను లేని ఇంట్లో ఎవరు వండుతారండీ?"

ఇరవై ఏళ్లకు పైగా నేను రాసిన చీటీలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు నిలబడ్డాయి. మంచి తిండి ఏదో చెప్పాను గానీ, ఆ ఇంట్లో ఆ గంటకు ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయో ఏనాడూ అడగలేదు. పెట్టె కొన్న తల్లిని బద్ధకస్తురాలన్నట్టు చూశాను. ఆమె తనకు దొరికిన ఒకే ఒక్క సులువును పట్టుకుంది, అంతే.

ఆలోచిస్తే, పెట్టెలో వచ్చే ఆ రేకులు కూడా ఒక ఆసుపత్రి వంటింట్లో పుట్టినవే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ అనే ఊళ్లో డాక్టర్ జాన్ హార్వే కెల్లాగ్ నడిపిన శానిటోరియంలో 1894లో, రోగులకు తేలిగ్గా అరిగే తిండి కోసం వెతుకుతూ గోధుమ రేకులు చేశారు. తర్వాత మొక్కజొన్న. ఆయన తమ్ముడు విల్ కీత్ 1906లో దాన్ని వ్యాపారంగా పెట్టాడు. రేకుల్లో చక్కెర కలపడం దగ్గరే అన్నదమ్ములకు తగువు వచ్చింది. ఆ తగువులో నేను డాక్టరు పక్షం. ఇవాళ పిల్లల కోసం అమ్మే చాక్లెట్ రకాలు కొన్నింటిలో బరువులో పావు వంతుకు పైగా చక్కెరే. పెట్టె వెనక 30 గ్రాములకు రాసిన గడి కాకుండా 100 గ్రాముల గడి చూడమని తల్లులకు చెబుతాను. అందులో చక్కెర 30 అని ఉంటే, బరువులో మూడో వంతుకు దగ్గరగా పంచదారే అన్నట్టు. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర అసలు కలపొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

మన దగ్గరా అలాంటి సులువు ఒకటి తయారైంది. కూనూరులో 1918లో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, బక్కచిక్కిన పిల్లల కోసం 'హైదరాబాద్ మిక్స్' అని ఒకటి రూపొందించారు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. బెల్లం తప్ప మిగతావి వేయించి పొడి కొట్టడమే. ఆ 86 గ్రాముల్లో 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు ప్రోటీను. వైద్య కళాశాలలో పరీక్ష కోసం బట్టీ పట్టిన అంకెలివి. ఒక తల్లి చేతికి రాసిచ్చింది మాత్రం ఆ రోజే మొదటిసారి.

అప్పుడు కూడా మా క్లినిక్ ఆయమ్మ లేకపోతే అది కాగితం మీదే ఉండేది. తలుపు దగ్గర నిలబడి అంతా విని, "ఆదివారం పూట చేసుకో తల్లీ, నెలకోసారి చాలు" అని మొదలుపెట్టింది. గోధుమలు చిటపటలాడి కమ్మని వాసన వచ్చేదాకా సన్నని సెగ మీద వేయించాలి. శనగపప్పు బదులు పుట్నాలు వేస్తే పని తగ్గుతుంది. పల్లీలు వేయించి, చేటలో పొట్టు చెరిగి, అన్నీ చల్లారాక కలిపి పిండిమరకు ఇవ్వాలి. ఉత్త పల్లీలు మరకు ఇస్తే నూనె దిగి రాయి పట్టేస్తుంది, గోధుమల్లో కలిపితే ఇబ్బంది లేదు. బెల్లం పొడిలో కలిపి నిలవ ఉంచితే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది కాబట్టి, తినేటప్పుడే వేసుకోవాలి. బెల్లం విషయంలో నేను కలగజేసుకుని సగానికి తగ్గించమన్నాను, లేదంటే బాగా మాగిన అరటిపండు చిదిపి కలపమన్నాను. వేడి నీళ్లు ఫ్లాస్కులో పోసి వెళితే, కళ్లు ఆనని నానమ్మ కూడా గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేసి కలపగలదు. ముందు రాత్రి ఉడికించి పెట్టిన గుడ్డును ఒలిచి, చిదిపి పెట్టగలదు. చుక్కలు మాత్రం పాలతో కాదు, రెండు తిండ్ల మధ్య, నిమ్మరసం కలిపిన నీళ్లతో. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

ఉగ్గుపాలతో పెట్టిన విద్య అనే మాట ఉన్న భాష మనది. బియ్యం, పెసరపప్పు వేయించి రవ్వలా విసిరి డబ్బాలో పోసుకున్న అమ్మమ్మలు చేసిందీ ఇదే: ముందే చేసిపెట్టుకోవడం. అటుకులు మన రేకులు. పెరుగులో నానేస్తే మూడు నిమిషాల్లో మెత్తబడతాయి. రాత్రి నానబోసిన పెసలు పొద్దున రుబ్బితే, పులియాల్సిన పని లేకుండా అట్టు వస్తుంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పనిది మాత్రం, ఎప్పుడు, ఎవరు, ఎంతసేపట్లో అన్నది.

ఆ నెలల్లోనే ఇంకో పిల్లాడు వచ్చాడు. ఇరవై నెలల వాడు, మూడు వారాలుగా దగ్గు. రెండుచోట్ల చూపించారు, నెబ్యులైజర్ పెట్టారు, ఆస్తమా కావచ్చన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఛాతీ విన్నాను. కుడి వైపు గాలి ధారాళంగా పోతోంది, ఎడమ వైపు పలచగా, చివర్లో సన్నని ఈల. ఒక్క వైపే ఈల వినపడితే నాకు చెయ్యి చల్లబడుతుంది.

"దగ్గు మొదలైన రోజు ఏం జరిగింది?" అని అడిగాను. తల్లికి గుర్తు లేదు. తండ్రికి గుర్తు లేదు. స్టూలు మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటున్న ఏడేళ్ల అక్క అంది: "నా బర్త్‌డే రోజే కదా మమ్మీ. తమ్ముడు పరిగెడుతూ పల్లీలు తిన్నాడు, మొహం నల్లగా అయిపోయింది, నువ్వు నీళ్లు తాగించావు."

ఆ సాయంత్రం టీపాయ్ మీద ఉల్లిపాయ, నిమ్మకాయ పిండిన మసాలా పల్లీలు గిన్నెల్లో పెట్టారు. పెద్దవాళ్లకు సులువైన చిరుతిండి. సరిగ్గా ఇరవై నెలల పిల్లాడి చెయ్యి అందే ఎత్తు. ఒక్క నిమిషం ఊపిరాడక, తర్వాత సర్దుకునేసరికి అందరూ మర్చిపోయారు. పల్లీ గింజ ఎక్స్‌రేలో కనపడదు. ఊపిరితిత్తుల గొట్టంలో కూర్చుని, చెమ్మకు ఉబ్బి, దాని నూనెతో చుట్టూ వాపు తెస్తుంది. పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, గొట్టం వేసి తీశారు. అరబద్ద. ఆ సర్జన్ చిన్న సీసాలో వేసి తల్లిదండ్రులకు ఇచ్చారు, వాళ్లు నాకు చూపించారు. ఉబ్బి, గోధుమ రంగు తిరిగి, నా చిటికెన వేలి గోరంత కూడా లేదు.

నాలుగేళ్లు నిండేదాకా పల్లీలు, జీడిపప్పు, శనగ గుగ్గిళ్లు గింజలుగా పెట్టొద్దు. పొడిగానో, ముద్దగానో, చట్నీగానో ఎంతైనా పెట్టవచ్చు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పిల్లలు కూర్చునే తినాలి. గొంతుకు అడ్డం పడి, దగ్గు రాక, ఏడుపు రాకపోతే నీళ్లు పోయకండి, కనపడని దాన్ని వేలితో తవ్వకండి. ఏడాది లోపు పాపనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉంచి, రెక్కల మధ్య ఐదు చరుపులు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు. ఏడాది దాటితే వీపు మీద చరుపులతో పాటు, వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ నొక్కడం. బిడ్డ దగ్గగలిగితే మాత్రం దగ్గనివ్వండి. దీన్ని నేను ఇప్పుడు టీకాకు వచ్చిన ప్రతి తల్లికీ బొమ్మ మీద చేసి చూపిస్తున్నాను.

పార్టీల నుంచి వచ్చే ఇంకో కేసు రాత్రి పదింటికి వస్తుంది. ఒకే ఇంటి నుంచి నలుగురైదుగురు పిల్లలు, వరసగా వాంతులు. అడిగితే ఫ్రైడ్ రైస్. మధ్యాహ్నం వండి గదిలోనే ఆరబెట్టిన అన్నాన్ని సాయంత్రం పెనంలో వేయించారు. సెగ మీద పొగలు కక్కిందిగా అంటారు. గది వేడిలో ఆ అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి వదిలిన విషం వేయించినా పోదు. వండిన అన్నాన్ని పళ్లెంలో పలచగా పరిచి, త్వరగా ఫ్రిజ్‌లో పెడితే ఈ గొడవే ఉండదు. పిల్లల పుట్టినరోజుకు ఏం పెట్టమంటారని ఎవరైనా అడిగితే చిన్న చిన్న పెసరట్లు, పోపు వేసిన ఇడ్లీ ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న గింజలు, జామకాయ ముక్కలు అంటాను. గింజలు పెద్ద పిల్లలకు, ఎత్తు బల్ల మీద.

బలపాల పాప ఇంకో రెండు నెలలకు వచ్చింది. ఈసారి చంకలో లేదు, నడిచి వచ్చింది. హిమోగ్లోబిన్ 9.6. సీసా ఎప్పుడు పోయిందని అడిగితే, ఒక ఆదివారం పిండిమరకు వెళ్లినప్పుడు అక్కడే మర్చిపోయామని తల్లి అంది, నానమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. నానమ్మ చెప్పిన ఫిర్యాదు వేరు. "నన్ను ముద్ద మింగనివ్వదమ్మా ఇప్పుడు, నా కంచంలోనే చెయ్యి పెడతది."

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అరచేయి విప్పాను. నా అరచేతి రంగుకు ఇంకా కొంచెం దూరం ఉంది గానీ, గీతల్లో గులాబీ తెలుస్తోంది. నా బల్ల మీద ఎప్పుడూ ఒక పలక ఉంటుంది, పిల్లల భయం పోవడానికి. దాని మీది బలపం ముక్కను పాప చటుక్కున అందుకుంది. తల్లి ముందుకు వంగింది. నేను వద్దని సైగ చేశాను. పాప దాన్ని ఒకసారి తిప్పి చూసి, పలక మీద పెట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక వంకర గీత గీసింది.