ఒటోకు మాట, సావిత్రి మాట

భర్తకొఱకు భార్య ప్రాణములు విడిచెనన్న కథకు లోకమున నెన్నడును కన్నీటి కఱవు లేదు. హరిశ్చంద్ర నాటకమున కాశీవీథిలో చంద్రమతి యమ్ముడువోవు ఘట్టమును జూచి కంట తడిపెట్టని యాంధ్రు డరుదు. ఇట్టిదే జపానుదేశపు కథ యొకటి మేమీ నడుమ చిత్రరూపమున జూచితిమి. కెంజి మిజోగుచి యను దర్శకుడు 1939లో దీసిన యా చిత్రము పేరునకు తెలుగు 'చివరి చేమంతి కథ'.

కథాకాలము పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదము. కబుకి యనునది జపానీయుల సంప్రదాయ నాటకము. అందు నటుని పేరు తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. టోక్యో నగరమున నొక మహానటుని పెంపుడు కొడుకు కికునొసుకె. వాని నటన పేలవము. తండ్రి పేరునకు జంకి యెల్లరు నెదుట పొగడి చాటున నవ్వుదురు. ఆ యింట పసిబిడ్డకు పాలిచ్చు దాది ఒటోకు ఒక్కతెయే, అతని నటన బాగులేదనియు, శ్రమించి నేర్వవలెననియు చెప్పినది. ఆ నిజమునకు ప్రతిఫలముగా నామె కొలువు పోయినది. అతడు నిల్లు విడిచెను. ఒసాకాలో నామె యతనిని గలిసికొని, పిదప ఊరూర దిరుగు నాటక సమాజమున నేండ్ల తరబడి లేమి ననుభవించి, యారోగ్యమును గోలుపోయినది. తాను తొలగినగాని తండ్రి కొడుకును జేరనీయడని యెఱిగి, తుదకు తానే తప్పుకొన్నది. అతడు పేరుపొందిన నటుడై యొసాకాకు వచ్చి, పడవపై నూరేగుచు జనులకు నమస్కరించుచుండగా, ఆమె యొక పేదగదిలో గన్నుమూసినది.

దీనిని త్యాగమహిమ యని చెప్పి ముగించుట సులభము. దర్శకు డట్లు ముగింపలేదని మాకు తోచినది. ఊరేగింపు వెలుగును, చావుగది చీకటిని ప్రక్కప్రక్కన నిలిపి, యా వెలుగునకు వెల యెవరు చెల్లించిరో చూపెను. ఆయనకు సొంతయింటనే యీ సంగతి తెలియును. పేదఱికముచే ఆయన యక్కను పరుల కిచ్చివేయగా, నామె గెయిషా యయ్యెను. పిదప తమ్ముని నాదుకొన్నది యామెయే.

కికునొసుకెను నటునిగా జేసినది ఒటోకు మరణము గాదు, తొలినా డామె పలికిన మాట. లోకము మాత్రమా మాటకు కొలువు తీసివైచి, మరణమునకు హారతి పట్టెను.

మా సూళ్లూరుపేటనుండి నిత్యము బస్సులు శ్రీసిటీకి బోవును. అచ్చటి కర్మాగారములలో జపానువారివియు గలవు. ఆ బస్సులలో బోవువారియందు మాయొద్ద చదివిన యమ్మాయి యొకతె గలదు. పట్టము పొంది ఉపాధ్యాయ శిక్షణమున జేరదలచినది. పెండ్లియైనపిమ్మట, భర్త సర్కారు కొలువు పరీక్షలకు చదువుకొనుటకై తన చదువు నిలిపి, నాలుగేండ్లుగా జీతము తెచ్చి యింట నిచ్చుచున్నది. అత్తగారు నలుగురిలో "మా కోడలు సతీ సావిత్రి" యని మురియుచుందురు. ఆ బిడ్డ యొకనాడు మా యింటికి వచ్చి మా యిల్లాలితో, "అమ్మా, ఆ పేరు విన్నప్పుడల్లా ఎవరో నా నోరు నొక్కినట్టు ఉంటుంది" అన్నది.

మే మామెకు సావిత్రికథనే చెప్పితిమి. ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వశేషమున నా కథ గలదు. సావిత్రి భర్తకై చావలేదు, నోరు మూసికొననులేదు. వరుని తానే వెదకుకొన్నది. అల్పాయువని నారదుడు చెప్పినను నిశ్చయము మార్చుకొనలేదు. యముని వెంబడి నడచుచు, ధర్మము పలికి, మామగారికి చూపును, రాజ్యమును, తండ్రికి కొడుకులను, తనకు సంతానమును, తుదకు పతిప్రాణమును గెలిచినది. పుట్టినింటిని మఱవలేదు, తన్నును మఱవలేదు. మాటచే మృత్యువును మరలించిన స్త్రీ పేరు, నేడు స్త్రీని మాటాడకుండ జేయుటకు పనికివచ్చుచున్నది!

ఆ బిడ్డ యింటికి బోయి భర్తను, "నా వంతు ఏ సంవత్సరం?" అని యడిగెనట. అతడు చెడ్డవాడు గాడు. అంతవఱ కెవరు నడుగకుండుటచే తలపోయలేదు. ఇపుడు సాయంకాలములందు పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆమె ప్రవేశపరీక్షకు కావలసిన రుసుము కూడబెట్టుచున్నాడు. అత్తగా రింకను ముభావముగనే యున్నారు.

చదువరులారా! మన యిండ్లలోను ఇట్టి కోడండ్రు, కూతుండ్రు గలరు. వారి త్యాగమును పొగడుటకు ముందు, వారు చెప్పదలచి మ్రింగిన మాట యేదియో యొక్కసారి కూర్చుండి విందము.