బొంతలు, డిమ్నా సరస్సు

ఈ వేసవిలో సూది చేతిలోంచి దిగడం లేదు. అమ్మ పాత నేత చీరలతో మంచానికో బొంత, మిగిలిన అంచులతో చేతిసంచులు, పిల్లల పాత చొక్కాలతో దిండు గలీబులు. బొంతకి మధ్య పొరగా నాన్న ధోవతి వేశాను. కుట్టు దగ్గర దగ్గరగా పడితే ఎన్నిసార్లు ఉతికినా పొరలు జరగవు. బీహార్ సుజనీ కూడా ఇలా పాత బట్టల పొరల మీద పుట్టిన కళే. దానికి భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది.

ఎండ దిగాక మా జంషెడ్‌పూర్ జూబ్లీ పార్కు, ఆదివారాలు దల్మా కొండల కింద డిమ్నా సరస్సు. బొంతలో వేయడానికి ఆ నీటి రంగు గుడ్డ ముక్క కోసం ఇప్పుడు సాక్చి బజారంతా గాలిస్తున్నా.

జంషెడ్‌పూర్ తెలుగు అక్కలూ, చెల్లెళ్లూ! పాత చీరలు పారేయకండి. బిష్టుపూర్ రామమందిరానికి వచ్చేటప్పుడు తీసుకురండి, కలిసి కుడదాం.